ఇంటికొచ్చాక బూడిద రంగుకు తిరిగిన బ్లాక్ డైమండ్ రే: తిండా, లైటా, నీళ్లా, జాతా?

హన్మకొండ రే
అందరికీ నమస్తే. ఎండాకాలం మొదట్లో ఒక బ్లాక్ డైమండ్ రే (పళ్లెంలా చదునుగా, తోక మీద విషపు ముల్లుతో ఉండే నది చేప) పిల్లను తెచ్చాను. మగది, జానెడు కంటే కొంచెం పెద్దది. షాపు ట్యాంకులో ఉన్నప్పుడు కాటుక నలుపు, దాని మీద తెల్ల చుక్కలు. మా ఇంటికొచ్చిన కొన్నాళ్లకే నలుపు తగ్గుతూ వచ్చి ఇప్పుడు బూడిద రంగులో పడింది. చుక్కలు కూడా ముందున్నంత తెల్లగా అనిపించట్లేదు. తిండి మాత్రం బ్రహ్మాండంగా తింటోంది. గాజు మీద చెయ్యి పెడితే చాలు, పైకి ఈదుకుంటూ వస్తుంది. షాపాయనకు ఫోన్ చేస్తే కలర్ ఫీడ్ (రంగు తెప్పించే తిండి) డబ్బా కొనమంటున్నాడు. డబ్బులు పెట్టే ముందు ఇక్కడ అడుగుదామని వచ్చాను. అసలు రే రంగు దేని మీద ఆధారపడుతుంది?

కాజీపేట జంక్షన్
కలర్ ఫీడ్ పెట్టు అన్నా. నా ఫ్లవర్‌హార్న్ చేపకు పెడితే మస్తు ఎర్రగైంది.

ఆరోవానా అక్క, సిద్దిపేట
ఫ్లవర్‌హార్న్ ఎరుపు వేరు తమ్మీ, రే నలుపు వేరు. ఆగు.

హన్మకొండ తమ్ముడూ, ఇవి చెప్పు. ట్యాంకు కొలతలు ఎంత? అడుగున ఇసుక ఉందా, వట్టి గాజేనా? వెనక ఏ రంగు స్టిక్కర్ వేశావు? లైటు ఏది, రోజుకెన్ని గంటలు? అమ్మోనియా, నైట్రైట్, నైట్రేట్, పీహెచ్ ఎంతున్నాయి? బోరు నీళ్లా, నల్లా నీళ్లా? ఒక ఫోటో కూడా పెట్టు. ట్యాంకు లైటు ఆపి, పగటి వెలుతురులో తీసింది కావాలి. బ్లూ లైటు కింద తీసిన ఫోటోతో ఏం తెలియదు.

హన్మకొండ రే
థ్యాంక్స్ అక్కా. 6×3×2 అడుగుల ట్యాంకు. అడుగున వట్టి గాజు, కడగడానికి సులువని అలాగే ఉంచాం. వెనక నీలం స్టిక్కర్. 10000 కెల్విన్ ఎల్ఈడీ బార్లు రెండు, పొద్దున్నుంచి రాత్రి పడుకునే దాకా వెలుగుతాయి. అమ్మోనియా, నైట్రైట్ సున్నా. నైట్రేట్ 40. పీహెచ్ 7.8. బోరు నీళ్లు, నల్లా నీళ్లు సగం సగం కలిపి సింటెక్స్ డ్రమ్ములో ఒక రోజు నిలబెట్టి పోస్తాను. నీళ్లు ఇప్పుడు 29 డిగ్రీలు. తిండి రొయ్యలు, మునిగే పెల్లెట్లు. ఫోటోలు పెట్టాను చూడండి.

ఆరోవానా అక్క, సిద్దిపేట
మూడో ఫోటోలో ట్యాంకు కింద తెల్లగా కనిపిస్తున్నదేంటి?

హన్మకొండ రే
థర్మాకోల్ అక్కా. స్టాండుకూ గాజుకూ మధ్య వేసింది. అందరం వేస్తాం కదా.

జువాలజీ మాస్టారు, కరీంనగర్
అక్క పట్టుకోవాల్సింది పట్టుకున్నారు. మీ రే దృష్టిలో అది బతుకుతున్న నేల తెల్లటిది. తెల్ల నేల మీద నల్లగా పడుకుంటే పై నుంచి ఎవరికైనా కనబడిపోతుంది కాబట్టి ఒళ్లు పాలిపోయేలా చేసుకుంటుంది. దానికి అది జబ్బు కాదు, ఆత్మరక్షణ.

ఇది ఎలా జరుగుతుందో కొంచెం వివరంగా చెప్తాను, ఓపికున్నవాళ్లు చదవండి. చర్మంలో మెలనోఫోర్లు అనే నల్ల రంగు కణాలుంటాయి. వాటిలో మెలనిన్ రేణువులుంటాయి. రేణువులు కణం అంతటా పరుచుకుంటే చర్మం నల్లగా కనిపిస్తుంది. అవన్నీ మధ్యలోకి ముద్దగా చేరితే అదే చర్మం పాలిపోయి కనిపిస్తుంది. కణాల సంఖ్య మారలేదు, రంగు పదార్థం తగ్గలేదు, సర్దుకున్న తీరు మారిందంతే. సొరచేపలు, రేలు, వాటి దగ్గరి బంధువులైన స్కేట్లలో ఈ పని ఎక్కువగా పిట్యూటరీ గ్రంథి నుంచి వచ్చే ఎంఎస్‌హెచ్ అనే హార్మోను చేతిలో ఉంటుంది. అది రక్తంలో పెరిగితే రేణువులు పరుచుకుని ఒళ్లు నల్లబడుతుంది, తగ్గితే తెల్లబడుతుంది. 1936లో లాన్సిలాట్ హాగ్బెన్ డాగ్‌ఫిష్ అనే చిన్న సొరచేపలు, స్కేట్ల మీద ఈ విషయమే రాశారు. పిట్యూటరీ తీసేస్తే ఆ చేపలు పాలిపోయాయి. ఆఫ్రికా కప్పతో గర్భ నిర్ధారణ పరీక్షకు దారి వేసింది కూడా ఆ హాగ్బెనే. డిగ్రీ జువాలజీ చదివినవాళ్లకు పేరు గుర్తుండాలి.

మరి పిట్యూటరీకి నేల తెల్లగా ఉందని చెప్పేదెవరు? కన్ను. పై నుంచి పడే కాంతి ఎంత, అడుగు నుంచి తిరిగొచ్చే కాంతి ఎంత అని పోల్చుకుంటుంది. అడుగు నల్లగా ఉంటే పై నుంచి ఎంత వెలుగు పడ్డా కింద నుంచి తిరిగొచ్చేది తక్కువ, అప్పుడు ఒళ్లు నల్లబడుతుంది. మీ ఇంట్లో రెండు బార్ల వెలుగు గాజులోంచి దిగి, థర్మాకోల్ మీద పడి, మళ్లీ పైకి కొడుతోంది. లైటు పెంచినా, మార్చినా ఆ నిష్పత్తి మారదు. మార్చాల్సింది అడుగు.

ఇంకో మాట. తిలాపియా లాంటి చేపల్లో నరాలు కూడా రంగు కణాలను నడుపుతాయి, అందుకే నిమిషాల్లో రంగు మారుస్తాయి. రేలలో పని హార్మోనుది కాబట్టి నిదానం. ఒకే నేల మీద వారాలు, నెలలు ఉంటే రెండో దశ మొదలవుతుంది. తెల్ల నేల మీద మెలనిన్ తయారీ, కణాల సంఖ్య కూడా తగ్గుతాయి. మొదటి దశ త్వరగా వెనక్కి తిరుగుతుంది. రెండోది తిరగడానికి చాలా టైమ్ పడుతుంది.

ఇందూరు చెరువు, నిజామాబాద్
మాస్టారూ, మీరు చెప్పింది కాదనను కానీ ఒక అనుమానం. మా పొలం దగ్గర సిమెంటు తొట్టిలో నాలుగు మోటోరోలు (ఇంకో జాతి రేలు), ఒక బ్లాక్ డైమండ్ ఉన్నాయి. పైన షేడ్ నెట్, పొద్దునా సాయంత్రం నేరుగా ఎండ పడుతుంది. ఇంట్లో ట్యాంకులో ఉన్నప్పటికంటే తొట్టిలోకి దింపాక బ్లాక్ డైమండ్ ఎక్కువ నల్లబడింది. దాన్ని చూసి అందరూ వేరే చేప అనుకుంటారు. ఎండ పనే అని నా నమ్మకం. ఎల్ఈడీ ఎంత పెట్టినా ఎండ రాదు కదా.

జువాలజీ మాస్టారు, కరీంనగర్
మీ మాటలో బలముంది. హవాయిలో హ్యామర్‌హెడ్ సొరచేప పిల్లల మీద ఇదే చూశారు, 1996లో నేచర్ పత్రికలో వచ్చింది. లోతు తక్కువ, నీళ్లు తేటగా ఉన్న కుంటలో పెంచితే పిల్లలు నల్లబడ్డాయి. రెక్కల మీద అతినీలలోహిత కిరణాలను ఆపే ఫిల్టర్ కడితే దాని కింద చర్మం మాత్రం నల్లబడలేదు. అంటే ఎండకు మెలనిన్ నిజంగానే పెరిగింది, నేల రంగు పని కాదది.

కానీ మీ తొట్టి గోడలు ఏ రంగు? సిమెంటు, పైగా నాచు పట్టి ఉంటుంది. అడుగున బురద, ఆకులు. కింద నల్లటి నేల, పైన ఆకాశం. నేను చెప్పిన నిష్పత్తికి ఇంతకంటే మంచి జాగా ఉండదు. మీ దగ్గర రెండూ కలిసి పని చేస్తున్నాయి, ఎవరి వాటా ఎంతో విడదీయలేం. ఇంట్లో ఉన్నవాళ్లకు మాత్రం ఎండ దారి మూసుకున్నట్టే. ఎల్ఈడీలో ఆ కిరణాలు ఉండవు, కిటికీ గాజు కూడా వాటిలో కొంత భాగాన్ని ఆపేస్తుంది.

ఇందూరు చెరువు, నిజామాబాద్
నాచు నిజమే. గోడలు పచ్చగా, అడుగు నల్లగా ఉంటుంది. సరే, సగం ఒప్పుకుంటున్నా 🙂 కానీ ఎండలో రే మెరుపే వేరు.

ఇది చదివి తొట్టి కట్టించుకుందామనుకునే వాళ్లకు ఒక మాట. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు, మన దగ్గర తొట్టి నీళ్లు 34 దాటుతాయి. వేడి నీళ్లలో ఆక్సిజన్ నిలవదు. బ్లోయర్, దానికి బ్యాటరీ బ్యాకప్ లేకుండా దిగొద్దు. చలికాలం ఆదిలాబాద్ వైపు వాళ్లకు ఇంకా కష్టం.

గోదావరిఖని ట్యాంక్స్
తిండి గురించి ఎవరూ మాట్లాడట్లేదు కాబట్టి నేను దిగుతున్నా.

కలర్ ఫీడ్ డబ్బాల మీద రాసి ఉండే అస్టాజాంథిన్ ఎరుపు, నారింజ వైపు రంగు. చేప దాన్ని ఒంట్లో తయారు చేసుకోలేదు, తిండి నుంచే రావాలి. రొయ్య పెంకులో ఉండేది అదే. పచ్చిగా ఉన్నప్పుడు ఒక ప్రోటీనుకు అతుక్కుని ఉంటుంది కాబట్టి ఎరుపు కనిపించదు. పొయ్యి మీద పెడితే ప్రోటీను విడిపోయి రొయ్య ఎర్రబడుతుంది. ఫ్లవర్‌హార్న్‌కు, ప్యారెట్‌కు పని చేసేది ఇదే. కాజీపేట తమ్ముడు చూసింది అబద్ధం కాదు.

కానీ బ్లాక్ డైమండ్ నలుపు మెలనిన్. మెలనిన్‌ను చేప తన ఒంట్లోనే టైరోసిన్ అనే అమైనో ఆమ్లం నుంచి తయారు చేసుకుంటుంది. టైరోసిన్ ఏ మాంసకృత్తుల్లోనైనా ఉంటుంది. కడుపు నిండా రొయ్యలు తినే రేకు దాని కొరత రాదు. అస్టాజాంథిన్ ఎంత పెట్టినా అది మెలనిన్‌గా మారదు. నలుపు కోసం కలర్ ఫీడ్ కొనడం డబ్బులు నీళ్లలో పోయడమే.

వట్టి రొయ్యల మీద నడపడం కూడా మంచిది కాదు. పచ్చి రొయ్యల్లో, కార్ప్ జాతి చేపల్లో థయామినేజ్ అనే ఎంజైము ఉంటుంది, అది బీ1 విటమిన్‌ను విరగ్గొడుతుంది. నెలల తరబడి అదొక్కటే పెడితే చేప నీరసపడుతుంది, రంగు కూడా దిగుతుంది. మా దగ్గర వర్మీ కంపోస్టు గుంతల వాళ్ల దగ్గర వానపాములు దొరుకుతాయి. ఒక రాత్రి తడి గోనె సంచిలో ఉంచితే మట్టి కక్కేస్తాయి, పొద్దున కడిగి వేస్తే రే ఎగబడి తింటుంది. వానపాములు, తిలాపియా ముక్కలు, మంచి పెల్లెట్లు మార్చి మార్చి పెట్టండి. తోక మొదలు దగ్గర రెండు వైపులా ఎముకలు పొడుచుకొచ్చి కనిపిస్తే తిండి చాలట్లేదని లెక్క. బక్క చిక్కిన రే ఏ నేల మీదా అందంగా ఉండదు.

కాజీపేట జంక్షన్
నేను డబ్బా వెనక్కి ఇచ్చేస్తే తీసుకుంటారా మరి 😅

మంచిర్యాల మోటోరో
ముందు మీ దగ్గరున్నది నిజంగా బ్లాక్ డైమండేనా అని చూడాలి. దీని గురించి గట్టిగా చెప్పకపోతే కొత్తవాళ్లు మునుగుతారు.

బ్లాక్ డైమండ్ అంటే పోటామోట్రైగాన్ లియోపోల్డి. బ్రెజిల్‌లో షింగు నది పరివాహకంలోనే సహజంగా ఉంటుంది. తేట నీళ్లు, నల్లటి బండల నది అది, బహుశా అందుకే దాని నలుపు అంత గాఢం. టొకాంటిన్స్ నదిలో ఉండే హెన్లీ అనే జాతి కూడా చుక్కలతోనే ఉంటుంది, దాని ఒళ్లు గోధుమ కలిసిన నలుపు. పిల్లలప్పుడు చూస్తే రెండూ ఒకే తల్లి పిల్లల్లా ఉంటాయి. మోటోరో అయితే దాదాపు అమెజాన్ అంతా ఉంటుంది. బురద రంగు నుంచి ముదురు గోధుమ దాకా, పైన నారింజ వలయాలు, నదిని బట్టి ఎన్నో రకాలు. ఇవి ఫారాల్లో ఒకదానితో ఒకటి కలుస్తాయి. మోటోరో, లియోపోల్డి కలిసిన సంకరాలు బజారులో బోలెడు. రకరకాల పేర్లు పెట్టి అమ్ముతారు, ఆ పేర్లు వ్యాపారానివి, శాస్త్రానివి కావు.

చుక్కల ఆకారం, అవి ఎక్కడుంటాయి, నలుపు ఎంత గాఢంగా దిగగలదు, ఇదంతా పుట్టుకతో వచ్చేది. నేల, ఎండ, తిండి ఆ హద్దు లోపలే ఆడతాయి. హెన్లీ కింద బొగ్గు పరిచినా లియోపోల్డి కాదు. పైగా పిల్ల పెద్దదవుతున్నకొద్దీ చుక్కలు విడిపోతాయి, పెద్ద చుక్కల మధ్య చిన్నవి తేలతాయి, కొన్ని వలయాలవుతాయి. ఆడవి ఇంకా పెద్దవవుతాయి కాబట్టి వాటిలో ఈ మార్పు బాగా తెలుస్తుంది. చిన్న పిల్ల ఫోటో చూసి పెద్దయ్యాక ఎలా ఉంటుందో లెక్కలు వేసుకోవద్దు. తల్లిదండ్రుల ఫోటో అడగండి, అది కూడా పగటి వెలుతురులో తీసింది.

హన్మకొండ అన్నా, మీ ఫోటోల్లో చుక్కలు గుండ్రంగా, అంచులు గీసినట్టు ఉన్నాయి. అడుగు వైపు ఫోటో ఉంటే పెట్టండి. లియోపోల్డికి కడుపు మధ్యలో తెలుపు, చుట్టూ ముదురు బూడిద ఉంటుంది.

హన్మకొండ రే
గాజుకు అతుక్కున్నప్పుడు తీశాను, పైన పెట్టాను చూడండి. మధ్యలో తెలుపు, అంచులు చుట్టూ బూడిద.

మంచిర్యాల మోటోరో
అయితే నాకు లియోపోల్డిలాగే ఉంది. ఫోటో చూసి వంద శాతం అని ఎవరూ చెప్పలేరు, సంకరం కాదని రాసివ్వలేను.

వేదిక నిర్వాహకుడు
మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. లియోపోల్డి, హెన్లీ, జబూతి వంటి కొన్ని జాతులను 2022లో పనామాలో జరిగిన సైటీస్ (అరుదైన జాతుల వ్యాపారాన్ని అదుపు చేసే అంతర్జాతీయ ఒప్పందం) సమావేశంలో అనుబంధం 2లో చేర్చారు. మన వన్యప్రాణి సంరక్షణ చట్టం సవరణ తర్వాత సైటీస్ జాతులు షెడ్యూల్ 4లోకి వచ్చాయి, పెంచుకునేవాళ్లు కేంద్ర పర్యావరణ శాఖ పరివేష్ పోర్టల్‌లో నమోదు చేసుకోవాలి. 2024 ఫిబ్రవరిలో దీనికి నియమాలు కూడా వచ్చాయి. కొన్న బిల్లు దాచుకోండి. కాగితాలు లేని చేపల అమ్మకాలు ఈ వేదికలో పెట్టవద్దు.

ఆరోవానా అక్క, సిద్దిపేట
నేల వల్ల పాలిపోవడం, ఒంట్లో బాగా లేక పాలిపోవడం, ఈ రెండింటికీ తేడా చెప్తాను. థర్మాకోల్ మాట విని అందరూ నీళ్ల సంగతి వదిలేస్తారని నా భయం.

నేల వల్ల వచ్చే మార్పు ఒళ్లంతా ఒకే తీరుగా ఉంటుంది. చేప ఎప్పట్లాగే తిరుగుతుంది, తింటుంది. నీళ్ల వల్ల అయితే మచ్చలు మచ్చలుగా పాలిపోతుంది, పైన పలచటి తెల్ల జిగురు తేలుతుంది, కడుపు వైపు, అంచుల దగ్గర ఎర్రటి చారలు కనిపిస్తాయి. కళ్ల వెనక ఉన్న రంధ్రాలు గబగబా తెరుచుకుని మూసుకుంటాయి. ఒంటి అంచులు పైకి మడతపడ్డాయంటే మాత్రం రంగు సంగతి వదిలేసి నీళ్లు మార్చడం మొదలుపెట్టాలి, ఆ దశ దాటాక బతికించడం కష్టం. అమ్మోనియా కొద్దిగా ఉన్నా పీహెచ్ 8 దగ్గర, వేడి నీళ్లలో దాని విషం ఎక్కువ. మన బోరు నీళ్లు, మన ఎండలు, రెండూ అటే తోస్తాయి.

వానలు మొదలైతే నల్లా నీళ్లలో క్లోరిన్ పెంచుతారు. డ్రమ్ములో నిలబెట్టినా సరే, ఆ నెలల్లో క్లోరిన్‌ను విరిచే హైపో గింజలు వెయ్యకుండా నేను పొయ్యను. తెల్ల మచ్చ ఒక్క చోటే, గీత గీసినట్టు ఉంటే హీటర్ మీద పడుకుని కాల్చుకుందని అనుమానించాలి. రేలకు అది అలవాటు, కాలుతున్నా లేవవు. హీటర్‌కు ప్లాస్టిక్ గార్డు వెయ్యండి, లేదంటే సంప్‌లో (ట్యాంకు నీళ్లు వడకట్టే వేరే తొట్టి) పెట్టండి. మగది ఆడదాని అంచు కొరికిన చోట కూడా మచ్చ పడుతుంది, అది కొన్నాళ్లకు నల్లబడి సర్దుకుంటుంది.

ఇంకొకటి. మచ్చ చూడగానే షాపులో ఇచ్చే నీలం మందు సీసా పోయకండి. రాగి ఉన్న మందులు రేల ప్రాణం తీస్తాయి. ఉప్పు కూడా పిడికెడు పిడికెడు వెయ్యొద్దు. ఈ నది రేలు సముద్రపు రేల్లాగా ఒంట్లో యూరియా నిలబెట్టుకోలేవు, ఉప్పు నీళ్లను తట్టుకునే ఏర్పాటు వాటికి పోయింది.

హన్మకొండ రే
అక్కా, ఎర్ర చారలు లేవు, జిగురు లేదు, అంచులు సాఫీగా ఉన్నాయి. నైట్రేట్ మాత్రం తగ్గిస్తాను.

ఇప్పుడు అసలు సమస్య థర్మాకోల్ తీయడం. వెయ్యి లీటర్ల నీళ్లు, గాజు బరువు కలిపి టన్ను పైనే. లేపే ప్రశ్నే లేదు. అడుగున ఏదైనా నల్లటిది పరుద్దామని చూస్తున్నా. ఇంటి పని చేసినప్పుడు మిగిలిన కడప బండలు నాలుగున్నాయి, నున్నగా, నల్లగా. అవి పరిస్తే?

జువాలజీ మాస్టారు, కరీంనగర్
వద్దు. కడప బండ సున్నపు రాయి. ఒక మూల కొద్దిగా గీకి, ఆ గీకిన చోట వెనిగర్ చుక్క వేసి చూడండి, బుసబుసమని నురుగు వస్తుంది. మీ పీహెచ్ ఇప్పటికే 7.8, దాన్ని ఇంకా ఎక్కిస్తుంది.

గోదావరిఖని ట్యాంక్స్
గ్రానైట్ అయితే నురుగు రాదు. కరీంనగర్ వైపు కోత యూనిట్లలో నల్ల గ్రానైట్ ముక్కలు పడేస్తారు, అడిగితే ఇస్తారు. కానీ బండ పరిస్తే రే పూడుకోలేదు. పైగా బండకూ గాజుకూ మధ్య సందులో మలం, తిండి చేరి కుళ్లుతుంది. ఎత్తి కడిగే ఓపిక ఉంటేనే ఆ పని.

మంచిర్యాల మోటోరో
ఇసుకే మంచిది. నదిలో రే చేసే పని ఇసుకలో పూడుకోవడం. వట్టి గాజు మీద రే ఎప్పుడూ కొంచెం టెన్షన్‌లోనే ఉంటుంది, నాకు అలాగే అనిపిస్తుంది. మానేరు ఇసుక సన్నంగా జల్లించి వేస్తే సరిపోతుంది కానీ అది పసుపు, తెలుపు కలిసిన రంగు. మీకు నలుపు కావాలంటే నల్ల ఇసుక కొనాలి.

ఇక్కడ జాగ్రత్త. నల్ల ఇసుక అని అడిగితే కొన్ని చోట్ల ఇసుక బ్లాస్టింగ్‌కు వాడే కాపర్ స్లాగ్ సంచి అంటగడతారు. చూడ్డానికి నల్లగా, మెరుస్తూ భలే ఉంటుంది. అరచేతిలో వేసి వేలితో రుద్దితే గుచ్చుకుంటుంది. దాని అంచులు గాజు పెంకుల్లా ఉంటాయి, రే కడుపు గీరుకుపోతుంది. పైగా పేరులోనే రాగి ఉంది. అక్క పైన రాగి గురించి చెప్పింది చదివారు కదా. గింజ గుండ్రంగా ఉండాలి, రుద్దితే మెత్తగా జారాలి, వెనిగర్ వేస్తే నురుగు రాకూడదు, అయస్కాంతం పెడితే ఎక్కువ అతుక్కోకూడదు. ఈ నాలుగూ చూసుకుని కొనండి.

ఆరోవానా అక్క, సిద్దిపేట
మందంగా పోయకు తమ్మీ, అంగుళం, అంగుళంన్నర చాలు. ఎక్కువైతే అడుగున కుళ్లిన వాసన పడుతుంది. నీళ్లు తేటపడే దాకా కొంచెం కొంచెంగా బకెట్లో కడిగి వెయ్యి. వెనక ఆ నీలం స్టిక్కర్ పీకేసి నల్ల చార్టు అతికించు, పక్క గాజులకు కూడా. లైటు ఒక బారు చాలు, 8 గంటలు. ఎండిన బాదం ఆకులు కడిగి నాలుగు వేస్తే నీళ్లు టీ రంగుకు తిరిగి వెలుగు ఇంకా తగ్గుతుంది.

ఇసుక పోసేటప్పుడు రేని ప్లాస్టిక్ డబ్బాలోకి తప్పించు. వలతో పట్టకు, తోక ముల్లు వలలో చిక్కుకుంటుంది. పూడుకున్న రే కనిపించదు కాబట్టి ఇక నుంచి ట్యాంకులో చెయ్యి పెట్టే ముందు అదెక్కడుందో చూసుకోవాలి. ముల్లు దిగితే 45 డిగ్రీలు మించని వేడి నీళ్లలో చెయ్యి ముంచి, తిన్నగా ఎంజీఎం ఆసుపత్రికి పో. వేడికి ఆ విషం నొప్పి తగ్గుతుంది కానీ గాయంలో ముల్లు ముక్క మిగిలితే డాక్టరే తియ్యాలి.

కాజీపేట జంక్షన్
సగం రంగు ఫోన్‌లోనే ఉంటుంది అన్నా. నా ఫోన్లో బ్యూటీ మోడ్ పెడితే నా రే కూడా హీరోలా వస్తుంది.

జువాలజీ మాస్టారు, కరీంనగర్
జోక్ అనుకోకండి, షాపు ఫోటోల్లో జరిగేది అదే. షాపు ట్యాంకు చుట్టూ నల్ల కవర్, పైన నీలి లైటు, ఫోన్లో కాంట్రాస్ట్ పెంచిన ఫోటో. చేప తప్పేం లేదు అందులో. మీ ఇంటి ఫోటోతో పోల్చాలంటే తెల్ల కాగితం ఒకటి ట్యాంకు పక్కన అతికించి, అది ఫోటోలో తెల్లగా వచ్చేలా తీయండి. నెల తర్వాత కూడా అదే కాగితం, అదే టైమ్, అదే జాగా. అప్పుడు నిజంగా మారిందో లేదో తెలుస్తుంది.

హన్మకొండ రే
ఇన్నాళ్లకు మళ్లీ రాస్తున్నా, బతుకమ్మ సెలవుల్లో టైమ్ దొరికింది. నల్ల క్వార్ట్జ్ ఇసుక వేశాను, వెనకా పక్కలా నల్ల చార్టు, ఒకటే లైటు. తిండిలో వానపాములు మొదలుపెట్టాను. కలర్ ఫీడ్ కొనలేదు.

మొదటి వారంలోనే బూడిద తగ్గి ముదురు రంగు దిగింది. తర్వాత ఆగిపోయినట్టే అనిపించింది. ఇప్పుడు మాస్టారు చెప్పినట్టు కాగితం పెట్టి తీసిన ఫోటోలు పక్కపక్కన చూస్తే తేడా బాగా తెలుస్తోంది. వీపు మధ్యలో నలుపు వచ్చింది, అంచుల దగ్గర ఇంకా కొంచెం గోధుమ ఛాయ ఉంది. చుక్కలు వాటంతట అవి మారలేదనుకుంటా, చుట్టూ నలుపు దిగాక తెల్లగా కనిపిస్తున్నాయి.

ఒక సందేహం మిగిలింది. రాత్రి లైటు ఆపాక టార్చి వేసి చూస్తే మళ్లీ పాలిపోయి ఉంటోంది. పొద్దున లైటు వేసిన కాసేపటికి సర్దుకుంటోంది. ఇది మామూలేనా?

జువాలజీ మాస్టారు, కరీంనగర్
మామూలే. చీకట్లో కంటికి నేల రంగు తెలియదు, ఒంట్లో హార్మోన్ల లెక్క కూడా పగలూ రాత్రీ మారుతుంది. పొద్దున సర్దుకుంటోందంటే ఆ వ్యవస్థ బాగా పని చేస్తోందన్నమాట. అంచుల సంగతికి ఓపిక పట్టండి, అది నేను చెప్పిన రెండో దశ. కొత్త మెలనిన్ తయారవ్వాలి.

జగిత్యాల కొత్త కీపర్
సార్, మోటోరో పిల్ల తీసుకున్నాను. నారింజ వలయాలు బాగున్నాయి. నల్ల ఇసుక వేస్తే వలయాలు కూడా మారతాయా? దీనికి కలర్ ఫీడ్ పని చేస్తుందా?

గోదావరిఖని ట్యాంక్స్
నల్ల ఇసుక మీద చుట్టూ ఉన్న గోధుమ ముదురుతుంది, వలయాలు కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి. మోటోరో మరీ ముదిరి మురికి రంగు అయిందని విసుక్కునేవాళ్లూ ఉన్నారు, వాళ్లకు మానేరు ఇసుకే బాగుంటుంది. ఫీడ్ కొనే బదులు పెంకుతో ఉన్న చిన్న రొయ్యలు వారానికి రెండు మూడు సార్లు వెయ్యి, అస్టాజాంథిన్ అందులోనే వస్తుంది. పెద్దదయ్యాక వలయాలు ఎలాగూ కొంత మారతాయి, అది జాతి లక్షణం.

జగిత్యాల కొత్త కీపర్
సరే అన్నా. థర్మాకోల్ తెల్లది వేశాను నేను కూడా. ట్యాంకు ఇంకా నింపలేదు, పొద్దున్నే మార్చేస్తా.

మంచిర్యాల మోటోరో
తీసెయ్యకు, అది గాజు పగలకుండా ఉండటానికే. పైన నల్ల రెగ్జిన్ ముక్క పరిచి దాని మీద ట్యాంకు పెట్టు, ముడతలు లేకుండా చూసుకో.

కాజీపేట జంక్షన్
హన్మకొండ అన్నా, నల్ల ఇసుక ఏమన్నా మిగిలిందా?

హన్మకొండ రే
ఒక సంచి ఉంది. కడగలేదు, బకెట్ నువ్వే తెచ్చుకో.